పూతకు అనుమతి లేదు

మా కడప సీమలో జనం ఒక చెట్టుకు ప్రభుత్వం పేరే పెట్టుకున్నారు. సర్కారు తుమ్మ. ఊరు మారితే సర్కారు కంప అనీ, ఇంగ్లీషు తుమ్మ అనీ పాఠాంతరాలు వినిపిస్తాయి గాని, దొరతనం వాసన మాత్రం అన్నింటిలోనూ ఉన్నది. ఈ పేరు ఊరికే వచ్చినది కాదు. 1876లో మదరాసు ప్రభుత్వపు అటవీ సంరక్షకుడు బెడ్డోమ్ దొర, నీరు చాలని మెట్టనేలలకు తగిన చెట్టు కావలెననీ, ఆ విత్తనాలు తెప్పించవలసినదనీ పై అధికారులకు లేఖ వ్రాశాడు. మరుసటి సంవత్సరం విత్తనాలు వచ్చాయి. మన దేశంలో వాటిని తొలుత నాటిన చోటు మా కమలాపురం ప్రాంతమని అడవుల చరిత్ర వ్రాసినవారు చెబుతారు. ఒక లేఖ, ఒక మంజూరు, కొన్ని విత్తనాలు. అంతకుమించి తతంగం జరిగినట్లు లేదు. తరువాతి సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కాయలను మేకలు తిన్నవి, పెంటికలతో పాటు గింజలు ఊరూరా పడినవి, చెరువుల కడుపులు నిండినవి. ఆ చెట్టు బీదవాని పొయ్యిలోకి వంటచెరకు కూడా అయింది. ఆ మాట దాచడం ధర్మం కాదు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు ఈ కథను నానార్థాల పాఠం నడుమ పిల్లల వినోదానికి చెప్పేవాణ్ణి. ఇటీవల జన్యుపరివర్తిత వృక్షాల క్షేత్ర పరీక్షలకు ప్రభుత్వాలు పెట్టే నిబంధనలను గూర్చి చదువుతూ ఉండగా, ఆ కథకు మరొక కొస కనిపించింది. నాడు ఏ షరతూ లేకుండా పరాయి చెట్టును నేలమీదికి వదిలిన ప్రభుత్వాలు, నేడు ప్రయోగశాల నుండి బయటికి వచ్చే చెట్టుకు పెట్టే షరతులలో ముఖ్యమైనది ఏమిటో తెలుసునా? అది పూయరాదు.

నావంటి పాతకాలపు పండితునికి ఈ మాట వినగానే దోహదక్రియలు గుర్తుకు రాక మానవు. మన కావ్యాలలో చెట్టు చేత పూయించడానికి ఎన్ని ఉపచారాలో! అశోకానికి సుందరి పాదతాడనం కావలె, పొగడకు పుక్కిటి మద్యం కావలె, గోరింటకు కౌగిలి కావలె, తిలకానికి చూపు చాలును. ప్రబంధకవి ఎవడైనా సరే, వనవిహారం వచ్చిందంటే ఈ జాబితాను ఏకరువు పెట్టకుండా కదలడు. పూయించడమే రాచకార్యంగా ఉండిన ఆ లోకం నుండి, పూత రాకముందే కొమ్మకు సంచి తొడిగించే రాజశాసనం దాకా వచ్చాము. పరిహాసానికి చెప్పడం లేదు. ఆ శాసనం వెనుక సహేతుకమైన భయం ఉన్నది.

భయం పుప్పొడిని గురించి. వరి, ఆవ వంటి పైరును పరీక్షకు నాటితే నాలుగైదు నెలలలో కోత అయిపోతుంది. మిగిలిన దంట్లు తగలబెట్టవచ్చును, మళ్ళీ మొలిచిన మొలకలను పీకివేయవచ్చును. చెట్టు అట్లా కాదు. ఎత్తుగా నిలుస్తుంది, గాలికి పుప్పొడిని వదులుతుంది, ఏళ్ళ తరబడి గింజలు రాలుస్తుంది, చుట్టుప్రక్కల అడవిలో దానికి దాయాదులు ఉంటాయి. (మన తెలుగువాడు పత్తిని కూడా 'పత్తిచెట్టు' అంటాడు, మిరపను 'మిరపచెట్టు' అంటాడు. ఆ లెక్కన బీటీ పత్తికి 2002లో అనుమతి ఇచ్చిన నాడే మనకు జన్యుపరివర్తిత 'చెట్లు' వచ్చాయి! కాని ఇక్కడ నేను మానుకట్టే చెట్లను గూర్చియే మాట్లాడుతున్నాను.) 2008లో జర్మనీలోని బాన్ నగరంలో జరిగిన జీవవైవిధ్య ఒప్పంద సభ, కట్టుదిట్టాల నడుమ దీర్ఘకాల ప్రభావాలపై కూడా అధ్యయనాలు పూర్తి అయిన తరువాతనే ఇటువంటి చెట్లను బయట వదలవలెనని సభ్యదేశాలను కోరింది. వినడానికి ఎంత సమంజసంగా ఉన్నది! చిక్కంతా ఆ 'కట్టుదిట్టాల నడుమ' అన్న పదబంధంలోనే ఉన్నది. చెట్టు పూస్తే ఏమవుతుంది అన్నదే కదా మన సందేహం. పూయనివ్వకుండా చేసిన పరీక్ష ఆ సందేహానికి ఎట్లా సమాధానం చెబుతుంది?

అమెరికాలో దీనికొక ఉపాయం చేశారు. నీలగిరి చెట్టు (కోస్తా మిత్రులు జామాయిలు అంటారు) చలికి తట్టుకోలేదు. చలి సహించే జన్యువును చొప్పించి ఆర్బర్‌జెన్ అనే సంస్థ ఒక రకాన్ని తయారుచేసింది. దానితోపాటు పుప్పొడి ఏర్పడకుండా చేసే మరొక జన్యువును కూడా పెట్టింది. దాని పేరు బార్నేజ్, ఒక సూక్ష్మజీవి నుండి తెచ్చినది. పుప్పొడిని పోషించవలసిన కణాలను అది చంపివేస్తుంది. 2010లో అక్కడి వ్యవసాయ శాఖ దక్షిణ రాష్ట్రాలు ఏడింటిలో 28 చోట్ల, మొత్తం 330 ఎకరాలలో ఈ చెట్లను పూతకు రానివ్వవచ్చునని అనుమతించింది. పర్యావరణ సంఘాలు న్యాయస్థానానికి ఎక్కాయి. 2011లో తీర్పు ప్రభుత్వం వైపే వచ్చింది. ఈ బార్నేజ్ మనకు కొత్త పేరేమీ కాదు. మన దేశంలో వాదప్రతివాదాలకు గురి అయిన డీఎంహెచ్-11 ఆవ సంకరంలో పనిచేసేది కూడా ఇదే. 2022 అక్టోబరులో దానికి అనుమతి లభించింది. 2024 జులైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరు ఆ అనుమతిపై చెరొక తీర్పు చెప్పారు. ఆ కథ వేరు.

కాయలు కాయని చెట్టుకు అమరకోశం 'అవకేశి' అని పేరు చెబుతుంది. గుజ్జు కోసమో కలప కోసమో ఏడేళ్ళకు నరికివేసే తోటలో చెట్టు అవకేశి అయితే ఎవరికి నష్టం? తేనెటీగల వారికి కొంత ఉన్నది. 2015 ఏప్రిల్‌లో బ్రెజిల్ తన దేశంలో త్వరగా పెరిగే జన్యుపరివర్తిత నీలగిరికి అనుమతి ఇచ్చినప్పుడు అక్కడ తేనె ఎగుమతిదారుల గోడు కూడా వినిపించింది. దానికి ఒక నెల ముందే భూమిలేని కూలీల ఉద్యమానికి చెందిన స్త్రీలు ఆ సంస్థ నారుమడిలోకి వెళ్ళి మొక్కలను ధ్వంసం చేశారు. కాని మొత్తం మీద తోటచెట్టు విషయంలో 'పూయరాదు' అన్న నిబంధన సరిపోతుంది. నిబంధన వ్రాసినవారి మనసులో ఉన్నది కూడా అటువంటి చెట్టే అయి ఉండాలి.

అడవికి తిరిగి పంపడం కోసమే తయారుచేసిన చెట్టు మాట ఏమిటి? అక్కడే నేను చాలా రోజులు ఆగిపోయాను.

అమెరికా తూర్పు కొండలలో చెస్ట్‌నట్ అనే మహావృక్షం ఉండేది. 1904లో న్యూయార్కు జంతుప్రదర్శనశాలలోని చెట్లపై ఒక తెగులు కనిపించింది. ఆసియా నుండి తెచ్చిన చెస్ట్‌నట్ మొక్కల వెంట వచ్చిన శిలీంధ్రం అది. ఆ కాలానికి అమెరికాలో విదేశీ మొక్కలను తనిఖీ చేసే చట్టమే లేదు. ఇటువంటి దెబ్బలు తిన్న తరువాత 1912లో తెచ్చుకున్నారు. నలభై యాభై ఏళ్ళలో మూడు నాలుగు వందల కోట్ల చెట్లు పోయాయని అంచనా. మా కంపచెట్టు వచ్చిన దారీ ఈ తెగులు వచ్చిన దారీ ఒకటే, అడిగేవాడు లేని దారి.

విచిత్రం ఏమంటే ఆ చెట్టు పూర్తిగా చావలేదు. తెగులు బెరడును తింటుంది గాని నేలలోని వేరును చంపలేదు. మోడు మొదట్లో కొత్త చిగుళ్ళు లేస్తాయి, కొన్నేళ్ళు పెరుగుతాయి, బెరడు ముదరగానే మళ్ళీ పుండు పడుతుంది, ఎండిపోతాయి. చాలా చిగుళ్ళు పూతకు రాకముందే పోతాయి. అంటే నూరేళ్ళకు పైగా ఆ చెట్టును పూయనివ్వనిది తెగులే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

న్యూయార్కు రాష్ట్రంలోని సిరక్యూజ్‌లో ఉన్న అటవీ కళాశాలలో విలియం పవెల్, చార్లెస్ మేనార్డ్ అనే ఆచార్యులు దీనికి మందు వెతికారు. శిలీంధ్రం ఆక్సాలిక్ ఆమ్లాన్ని స్రవించి బెరడును చంపుతుంది. గోధుమలో ఆ ఆమ్లాన్ని విరిచివేసే ఒక ఎంజైము ఉన్నది. దాని జన్యువును చెస్ట్‌నట్‌లోకి చొప్పించారు. ఇందులో నాకు నచ్చినది ఒకటి ఉన్నది. ఆ జన్యువు శిలీంధ్రాన్ని చంపదు, దాని విషాన్ని మాత్రం విరుస్తుంది. పాము బ్రతికే ఉంటుంది, కాటు ఎక్కదు. ఈ వంశాలకు డార్లింగ్ అని పేరు పెట్టారు. ముద్దుపేరు కాదు, ఆ పరిశోధనకు అండగా నిలిచిన ఒక ఇంజనీరుగారి ఇంటిపేరు. వాటిలో 58వ సంఖ్య గలది మేలైనదిగా ఎన్నికైంది.

క్షేత్ర పరీక్షలు అనుమతిపత్రాల మీదనే నడిచాయి. పుప్పొడి కావలసి వస్తే గదిలో తీవ్రమైన దీపాల వెలుగులో మొక్కలను పెంచి, ఏడాది తిరగకముందే పూయించి తీసుకొనేవారు. దోహదక్రియ అంటే ఇదే గదా అనిపించింది నాకు, పాదతాడనానికి బదులు విద్యుద్దీపం! ఆరుబయట మాత్రం పూగుత్తులకు సంచులు తొడగడమో, తుంచివేయడమో చేయవలసినదే. నూరేళ్ళు తెగులు పూయనివ్వని చెట్టు, మందు దొరికిన తరువాత చట్టం పూయనివ్వని చెట్టు అయింది. సంచులు తీసివేయడానికి అనుమతి ఇవ్వమని, అంటే నియంత్రణ నుండి విడిచిపెట్టమని, 2020 జనవరిలో వ్యవసాయ శాఖకు దరఖాస్తు పెట్టారు. ఆ శాఖ ఒక్కటి చాలదు. తెగులును అడ్డే పదార్థం చెట్టులోనే ఉన్నది గనుక పర్యావరణ పరిరక్షణ సంస్థ, గింజలు తినేవి గనుక ఆహార, ఔషధ సంస్థ, ఈ మూడు గుమ్మాలూ ఎక్కవలె. 1986లో ఏర్పరచుకున్న విధానం అది. 2022 నవంబరులో వ్యవసాయ శాఖ ముసాయిదా నివేదికలు ప్రకటించింది. అవి చెట్టుకు అనుకూలంగానే ఉన్నాయి.

2023 నవంబరులో పవెల్ గతించాడు. నెల తిరగకముందే, ఇన్నేళ్ళు ఆయన వెన్నంటి నిలిచిన చెస్ట్‌నట్ ఫౌండేషన్, ఈ చెట్టుకు తమ మద్దతును ఉపసంహరించుకుంటున్నామని ప్రకటించింది. చెప్పిన కారణాలు రెండు. పరీక్షాక్షేత్రాలలో మొక్కలు పెద్దవవుతున్న కొద్దీ తెగులును తట్టుకోవడంలో నిలకడ లేదు, పెరుగుదల కుంటుపడుతున్నది, కొన్ని చనిపోతున్నాయి. రెండవ కారణం చదివినప్పుడు నేను కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చదివాను. ఇన్నాళ్ళూ 58 అనుకొని నాటినది 58 కాదు, 54. కొన్నేళ్ళ క్రితం, 2016 ప్రాంతంలో, ఒకదాని పుప్పొడికి బదులు మరొకదాని పుప్పొడి వాడుకలోకి వచ్చింది. గోధుమ జన్యువు అదే గాని, అది కూర్చున్న చోటు వేరు. 54లో అది వేరొక క్రోమోజోము మీద, చెట్టు సొంత జన్యువు ఒకదాని నడుమ పోయి పడింది.

ఒక్కసారి ఆలోచించండి. ప్రభుత్వ కార్యాలయాలలో దస్తాలకొద్దీ పత్రాలు 58 పేరు మీద ఉన్నవి. ప్రజాభిప్రాయాలు 58 మీద. అనుకూలమన్న నివేదికలూ 58 మీదనే. నేలలో ఉన్నది 54.

దీనిని మోసమని నేను అనను. తాళపత్రాలతో పరిచయం ఉన్న ఎవరూ అనలేరు. మాకు దీనికొక పేరున్నది, లేఖక ప్రమాదం. మంచి పండితుడే, నిద్ర లేని రాత్రి ఒక పంక్తి దాటి క్రింది పంక్తిలోకి పోతాడు. ఆ ప్రతి నుండి పది ప్రతులు పుడతాయి. పది ప్రతులూ ఒకదానినొకటి సమర్థించుకుంటాయి. ఎన్ని ప్రతులలో ఉన్నదని లెక్కపెడితే తప్పే గెలుస్తుంది. మా కడపలో బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టి, ఊరూరి నుండి తెప్పించిన ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి సరిచూపించాడు. ఆ శ్రమకు ఫలితమే మనం ఈనాడు చదువుకుంటున్న శుద్ధప్రతులు చాలావరకు. చెస్ట్‌నట్ విషయంలో నన్ను కలచివేసినది పొరపాటు జరగడం కాదు. నియంత్రణ వ్యవస్థ అంతా దరఖాస్తులోని ప్రతిని చదివింది గాని, నేలలోని ప్రతిని తెచ్చి ప్రక్కన పెట్టి చూడలేదు. ఎదురుగా ఉన్నది ఏ చెట్టు అన్న ప్రశ్న, అది ప్రమాదకరమా అన్న ప్రశ్నకు ముందు రావలసినది.

పరిశోధకులు తరువాత 54 పేరుతోనే దరఖాస్తును కొనసాగించారు. 54లోనైనా జన్యువు పనిచేస్తున్నదనీ, చేతిలో ఉన్నదానిని వదలరాదనీ వారి వాదం. ఈ జగడంలో ఎవరిది ఒప్పో తేల్చే శాస్త్రజ్ఞానం నాకు లేదు. ఒక్కటి మాత్రం స్పష్టంగా కనిపించింది. చెట్ల వయస్సు పెరిగితేనే బయటపడిన లోపాలు అవి. సంచులు తొందరగా తీయించి ఉంటే ఆ పుప్పొడి ఈపాటికి కొండలలో ఉండేది. పూత ఆపిన నిబంధనను మొదట్లో నేను వెక్కిరించాను, అది ఈ ఒక్క విషయంలో కాపాడింది. అయితే అది కాపాడాలనుకున్నది వేరు, కాపాడినది వేరు.

ఆ నిబంధనకు ప్రక్కదారి ఒకటి ఉన్నదని తెలిసిన తరువాత ఈ మెచ్చుకోలు కూడా సగం చల్లారింది. అమెరికా వ్యవసాయ శాఖ పాత నిబంధనల ప్రకారం ఒక మొక్క నియంత్రణలోకి రావడానికి ఆధారం, దాని తయారీలో తెగులు కలిగించే జీవి పాత్ర ఉన్నదా అన్నది. జన్యువును మోసుకుపోవడానికి ఒక జాతి బాక్టీరియాను వాడితే పాత్ర ఉన్నట్లు. అదే జన్యువును లోహపు నలుసులకు పూసి తుపాకీతో కొట్టినట్లు కణంలోకి కొడితే లేనట్లు! ఇట్లా చేసిన ఒక పైన్ చెట్టు మా పరిధిలోకి రాదని 2014లో ఆ శాఖ లేఖ వ్రాసింది. 2023 ఫిబ్రవరిలో లివింగ్ కార్బన్ అనే సంస్థ ఈ పద్ధతితోనే తయారైన పోప్లార్ మొక్కలను జార్జియా రాష్ట్రంలోని అడవి భూమిలో నాటింది. 2020లో ఈ నిబంధనలను మార్చారు గాని, 2024 డిసెంబరులో కాలిఫోర్నియాలోని ఒక ఫెడరల్ న్యాయస్థానం ఆ మార్పులను కొట్టివేసింది. చెట్టు ఏమిటన్నది కాక, చెట్టులోకి జన్యువు ఏ బండి ఎక్కి వచ్చింది అని అడగడం, వరుని గుణగణాలు వదలి ఊరేగింపు పల్లకిని పరీక్షించడం వంటిది.

చైనాలో ఇంత చర్చ జరిగినట్లు లేదు. పురుగును తట్టుకునే పోప్లార్ చెట్లకు 2002లో అనుమతి ఇచ్చి, ఒకటి రెండేళ్ళలో 14 లక్షల దాకా నాటారు. పోప్లార్‌కు గింజ కూడా అక్కరలేదు, కొమ్మ విరిచి గుచ్చితే వస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. మన దేశంలో ఈ నియమాలు 1989 డిసెంబరులో, పర్యావరణ పరిరక్షణ చట్టం క్రింద వచ్చాయి. పరిశోధన సంస్థలోని సంఘం, జీవసాంకేతిక శాఖలోని సంఘం, పర్యావరణ శాఖలోని జీఈఏసీ, ఇట్లా మెట్లు మెట్లుగా దరఖాస్తు ఎక్కుతుంది. 2010లో బీటీ వంకాయను జైరాం రమేశ్ ఆపివేసిన తరువాత ఆ సంఘం పేరులోని 'ఆమోదం' పోయి 'మదింపు' వచ్చింది. ఒక్క మాట మారితే అధికారం ఎంత మారుతుందో వ్యాకరణం చదివినవారికి చెప్పనక్కరలేదు. క్షేత్ర పరీక్షకు రాష్ట్ర ప్రభుత్వం అభ్యంతరం లేదని వ్రాసి ఇవ్వవలసి ఉంటుందన్న నియమం కూడా ఆ తరువాతనే వచ్చింది.

ఆ నియమం బరువెంతో రబ్బరు చెట్టు చెప్పింది. కేరళలో కొట్టాయం దగ్గర పుత్తుపల్లిలో ఉన్న రబ్బరు పరిశోధన సంస్థ ఒక జన్యుపరివర్తిత రబ్బరు మొక్కను తయారుచేసింది. అందులోని జన్యువు పరాయిది కాదు, రబ్బరుదే, అధిక ప్రతులుగా చొప్పించినది. ఈశాన్య రాష్ట్రాల చలిని తట్టుకొని పెరగవలెనని ఉద్దేశం. కేరళ తన నేలలో ఆ పరీక్ష వద్దన్నది. మొక్క పుట్టిన ఊరిలో చోటు దొరకక, చివరకు 2021 జూన్‌లో అస్సాంలో గువాహటి శివారు సరుతారిలోని రబ్బరు బోర్డు క్షేత్రంలో నాటారు. పుప్పొడి భయానికి బోర్డువారు చెప్పిన సమాధానం సరళంగా ఉన్నది. రబ్బరు మన దేశపు చెట్టు కాదు, దానితో సంకరం కాగల బంధువు ఏదీ మన అడవులలో లేదు, కాబట్టి జన్యువు పోవడానికి చోటే లేదు.

ఇది చెస్ట్‌నట్‌కు లేని సౌకర్యం. నేను దానిని త్రోసిపుచ్చను. అయితే రబ్బరులో ఒక తమాషా ఉన్నది. కేరళలో తేనెటీగలు పెంచేవారికి ఎక్కువ తేనె ఇచ్చేది రబ్బరు తోటే. అది పువ్వులోని తేనె కాదు, లేతాకు తొడిమ కొసన ఉండే గ్రంథుల నుండి ఊరేది. పూత ఆపినా తేనెటీగ రాక మానదు. చెట్టుకూ లోకానికీ ఉన్న చుట్టరికం అంతా పువ్వు ద్వారానే ఉంటుందని అనుకోవడం కూడా పొరపాటేనేమో. పైగా రబ్బరు పాలు గీయడానికే ఏడేళ్ళు పడుతుంది, ఆపైన పాతికేళ్ళు తోట నడుస్తుంది. అనుమతిపత్రం మీద సంతకం చేసిన అధికారి పదవీ విరమణ చేసి, నావలె వసారాలో కూర్చొని వ్రాసుకునే నాటికి గాని ఆ చెట్టు సంగతి పూర్తిగా తెలియదు.

ఇవన్నీ ఇంత పట్టుగా ఎందుకు చదివానో చెప్పకపోతే ఈ టపా అసత్యం అవుతుంది.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి, 1980ల నడిమి సంవత్సరాలు. సామాజిక అడవుల పేరుతో సుబాబుల్ విత్తనాలు సంచులకొద్దీ బడికి వచ్చేవి. వనమహోత్సవం తెలుగు అయ్యవారి బాధ్యత. ఎందుకంటే చెట్టు మీద పద్యాలు వచ్చినవాడు ఆయనే! విత్తనాలను వేడినీళ్ళలో నానవేయించి, పిల్లలను వరుసగా నడిపించి, వాగు గట్టున చల్లించాను. కల్పవృక్షం అని నా నోటితోనే చెప్పాను. మూడు నాలుగేళ్ళకు వాగు గట్టు పచ్చబడింది, అందరూ మెచ్చుకున్నారు. పదేళ్ళకు గట్టున ఉన్న కానుగలు, నేరేళ్ళు ఆ గుబురులో కనిపించకుండా పోయాయి. కాయ పగిలి, గింజ నీటిలో కొట్టుకుపోయి, క్రింది ఊరి పొలం గట్లమీద కూడా మొలిచింది. ఒక వానాకాలం మా ఊరి రైతు ఒకాయన, నా పాత విద్యార్థి తండ్రి, కొడవలి పట్టుకొని గట్టు నరుకుతూ నన్ను చూసి, "అయ్యవారూ, మీ పిల్లోళ్ళు చల్లిన ఇత్తనాలే ఇవి. పీకేకొద్దీ వస్తాండాయి," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కాగితం మిల్లులకు ఆ కర్ర అమ్ముకొని బాగుపడిన రైతులు వేరే జిల్లాలలో ఎందరో ఉన్నారు. అది ఆయన గట్టు నరికే కూలికి జమ కాదు.

ఆనాడు ఆ విత్తనాల సంచితో పాటు ఒక్క కాగితం వచ్చి ఉంటే? 'ఇది ఇంత వేగంగా వ్యాపిస్తుంది, నీటి వాలులో చల్లవద్దు' అని? నేను చదివేవాణ్ణి. చదివి పాటించేవాణ్ణనే నా నమ్మకం. ఆ కాగితమే నా దృష్టిలో నియంత్రణ. అది రాలేదు గనుక నాకు దాని విలువ తెలుసును. అది వచ్చి, పైన 58 అని వ్రాసి ఉండి, సంచిలో 54 ఉంటే నేను ఏం చేసి ఉండేవాణ్ణన్నది మాత్రం నాకు తోచడం లేదు.

బ్లాగ్మిత్రులకు చివరిగా ఒక విన్నపం. ఈ వ్యాసంలో ఫీల్డ్ ట్రయల్‌ను క్షేత్ర పరీక్ష అన్నాను. ప్రయోగం అనాలా, పరీక్ష అనాలా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. ప్రయోగంలో మనం చేస్తాము, పరీక్షలో అది నెగ్గవలె, అందుకని రెండవదే ఉంచాను. ఇక కాయని చెట్టుకు అవకేశి ఉన్నది గాని, పూయగలిగి ఉండి, ఉత్తరువు వల్ల పూయని చెట్టుకు అమరంలో మాట దొరకలేదు. సూర్యరాయాంధ్ర నిఘంటువు తిరగవేశాను, అందులోనూ లేదు. 'నిరుద్ధపుష్పి' అని ఒకటి కట్టి చూశాను. నాలుకకు మరీ ముళ్ళకంపగా ఉన్నది. రైతు నోట నిలిచే మాట మీలో ఎవరికైనా తడితే చెప్పండి.